అడ్డుగోడ లేకుండా ఒక జాతి రెండుగా చీలుతుందా?

సత్యాన్వేషి:
ఒకేచోట కలిసి బతికే జంతువులు కూడా రెండు జాతులుగా విడిపోతాయని ఇక్కడ కొందరు వాదిస్తున్నారు. నేనొప్పుకోను. మధ్యలో కొండో సముద్రమో అడ్డం పడాల్సిందే. సుమారు 30 లక్షల ఏళ్ల కిందట పనామా దగ్గర నేల పైకి లేచి రెండు సముద్రాలను విడదీసింది. అటూ ఇటూ మిగిలిన చిటికె రొయ్యలను సముద్రజీవ శాస్త్రవేత్త నాన్సీ నోల్టన్ ఒకే తొట్టిలో వేసి చూస్తే, చాలావరకు జత కట్టకపోగా కొట్లాటకు దిగాయి. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

తూనీగ:
యాపిల్ పురుగు ఈగ సంగతేంటి మరి? ఉత్తర అమెరికాలో మొదట హాథార్న్ అనే ముళ్లచెట్టు కాయల మీదే బతికేది. 19వ శతాబ్దంలో కొన్ని యాపిల్‌కు మారాయి. ఏ రకం కాయలో పెరిగిన ఈగ ఎక్కువగా ఆ రకం కాయ మీదే జత కడుతుంది. యాపిల్ కొన్ని వారాల ముందే పండుతుంది, కాబట్టి ఈగలు బయటికొచ్చే కాలమూ వేరైంది. చెట్లేమో పక్కపక్కనే. ఇక్కడ కొండేది?

సత్యాన్వేషి:
వాటిని ఇంకా ఒకే జాతిగానే లెక్కిస్తున్నారు. తేలని కేసు తెచ్చి తీర్పు అడగకండి.

చదువరి22:
ధ్రువపు ఎలుగుకీ, గ్రిజ్లీ అనే గోధుమరంగు ఎలుగుకీ పుట్టిన ఎలుగు 2006లో కెనడాలో దొరికింది. మరి అవి ఒకే జాతా?

సత్యాన్వేషి:
పిల్ల పుడితే సరిపోదు, ఆ పిల్లకు పిల్ల పుట్టాలి. కంచరగాడిదకు 63 క్రోమోజోములు, అవి సరిగ్గా జతపడవు, అందుకే దాదాపు ఎప్పుడూ గొడ్డుగానే ఉంటుంది.

చదువరి22:
2010లో దొరికిన ఎలుగుకి తల్లి అలాంటి సంకరమే, తండ్రి గ్రిజ్లీ. జవాబు చెప్పండి.

తూనీగ:
ఎలుగుల్ని వదలండి. డిగ్రీ పరీక్షలో ఈ ఈగల గురించే రాశాను. దిద్దినాయన మొత్తం కొట్టేసి "భౌగోళిక వేర్పాటు" అని పక్కన రాశాడు. ఆ మార్కులతోనే నా పీజీ సీటు పోయింది. మొదటి పాఠాన్నే ఆఖరి మాటగా పట్టుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

సత్యాన్వేషి:
మీ మార్కులకు నేనా బాధ్యుణ్ణి? నా భయం వేరు. జాతుల మధ్య గీత చెరిపేస్తే రేపు "రెండూ ఒకటే కదా, ఒకటి పోతే ఏం?" అంటారు. అడవి కొట్టేవాడికి అంతకన్నా ఏం కావాలి?

తూనీగ:
ఈ మాట ముందే అనుంటే ఇంత గొడవ ఉండేది కాదు. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో దగ్గరి బంధువులైన సిక్లిడ్ చేపలున్నాయి. పైనీళ్లలో మగవి నీలం, కాస్త లోతున ఎరుపు. ఆడచేప రంగు చూసి ఎంచుకుంటుంది. నీళ్లు మురికైనచోట రంగు కనపడక రెండూ కలిసిపోతున్నాయి. ఒక్క చేపా చావకుండానే జాతి పోతోంది! కాపాడాల్సింది ఆ తేటనీళ్లను. మీ గీత పట్టుకుని కూర్చుంటే ఆ నష్టం కంటికే ఆనదు.

సత్యాన్వేషి:
ఆ కలిసినవాటికి పిల్లలు పుడుతున్నాయా?

తూనీగ:
పుడుతున్నాయి.

సత్యాన్వేషి:
అయితే అవి ఎన్నడూ రెండు జాతులు కావు. నీళ్లు తేటగా ఉంచాలన్నది మాత్రం ఒప్పుకుంటాను.

చదువరి22:
ఎలుగుల సంగతి ఇంకా చెప్పలేదు.