తుఫాను స్మారకానికి కాంక్రీటు కొబ్బరిచెట్టు వద్దంటే మరి ఏం కట్టాలి?

గట్టుమీది మాస్టారు

ముమ్మిడివరం దగ్గర చిన్న ఊరు మాది. లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. 1996 నవంబరు 6 రాత్రి తుఫానులో మా ఊరివాళ్లు 14 మంది పోయారు. వాళ్ల గుర్తుగా ఏదైనా కట్టాలని ఇన్నేళ్లకు ఊరంతా ఒక్క మాట మీదికి వచ్చింది. గల్ఫ్‌లో ఉన్న పిల్లలు పంపినదీ ఇక్కడ పోగుచేసినదీ కలిపి 3 లక్షల 40 వేలు అయింది. పంట కాలువకూ బడికీ మధ్య పంచాయతీ స్థలం 5 సెంట్లు ఉంది. ఏం కట్టాలన్న దగ్గరే కొట్లాట మొదలైంది.

కమిటీలో ఎక్కువమంది ఒక శిల్పి గీసి ఇచ్చిన బొమ్మకు మొగ్గారు. 20 అడుగుల కాంక్రీటు కొబ్బరిచెట్టు, నడిమికి విరిగి ఉంటుంది. కింద ఏడుస్తున్న తల్లి. ఆకులకు పచ్చరంగు. కోనసీమలో కాంక్రీటుతో కొబ్బరిచెట్టు కట్టడం అంటే ఉప్పుమడిలో ఉప్పు కొట్టు పెట్టడమే అన్నాను. నాకు వెటకారం ఎక్కువని మా ఇంట్లోవాళ్లు ఎప్పటినుంచో అంటున్నదే.

ఆ రాత్రి నాకు బాగా గుర్తున్నది చెట్లు విరగడం కాదు, గాలి ఆగిపోవడం. సాయంత్రం నుంచి ఉత్తరపు గాలి కొడుతూనే ఉంది. ఊళ్లో సగంమందిమి బడి వరండాలో ఉన్నాం. ఎవరో మీట నొక్కినట్టు గాలి ఆగింది. దీపావళికి నాలుగు రోజుల ముందు కదా, చంద్రుడు లేడు. మబ్బు చీలిన చోట నాలుగు చుక్కలు కూడా కనిపించాయి. అయిపోయిందనుకుని కొందరు పశువులను చూసుకోవడానికి ఇళ్లకు బయలుదేరారు. అరగంటకు దక్షిణం నుంచి తిరగబడింది. పోయిన 14 మందిలో 9 మంది అలా వెళ్లినవాళ్లే. తుఫానుకు కన్ను ఉంటుందని, అది మీదుగా వెళ్లేటప్పుడు గాలి ఆగుతుందని పుస్తకంలో చదివినవాణ్ని ఆ వరండాలో బహుశా నేనొక్కణ్నే. ఆ అరగంటలో ఆ మాట నాకు తట్టలేదు.

అందుకే నా ఊహ ఇలా ఉంది. రెండు గోడలు. ఉత్తరపు గోడ దక్షిణానికి వాలి ఉంటుంది, దక్షిణపు గోడ ఉత్తరానికి. పైన కలవవు. మధ్యలో నిలబడి తలెత్తితే చీలికలోంచి ఆకాశం కనిపిస్తుంది. ఆ సందే ఆ అరగంట. రెండు పలకలు వాల్చిపెట్టి కమిటీకి చూపిస్తే ఒకాయన "గొడ్లపాకలా ఉంది మాస్టారూ" అన్నారు. చూసినవాళ్లకు ఇది అర్థమవుతుందా? మూడడుగులు తవ్వితే నీళ్లు ఊరే మా నేలలో వాలు గోడలు నిలుస్తాయా? పేర్లు ఎలా రాయించాలి?

రాజోలు తాపీమేస్త్రి

నమస్కారం మాస్టారూ. అర్థం సంగతి చదువుకున్నవాళ్లు చెబుతారు, నేల సంగతి నేను చెబుతాను. మనది బంకమట్టి. ఎండకు నెర్రెలు విచ్చుతుంది, వానకు ఉబ్బుతుంది. రెండు గోడలకు వేరు వేరు పునాదులు వేశారంటే ఒకటి ఒకలా, ఇంకొకటి ఇంకొకలా కుంగుతాయి. అప్పుడు మీ చీలిక ఒక చివర వెడల్పు, ఒక చివర ఇరుకు. మట్టి తీసేసి ఇసుక నింపి, నీళ్లు పెట్టి దిమ్మిస చేసి, రెండు గోడలకూ కలిపి కింద ఒకే రాఫ్టు, అంటే పరుపులా పరిచే ఒకే కాంక్రీటు పునాది, వేయించండి. గోడలు ఎదురెదురుగా వాలుతున్నాయి కాబట్టి ఒకదాని లాగుడుకు ఇంకొకటి సరిపోతుంది. ఎత్తు 8 అడుగులు దాటనివ్వకండి. చువ్వల లెక్క మాత్రం ఇంజనీరు చేతే వేయించండి, నా మాట మీద వెళ్లకండి.

అసలు శత్రువు ఉప్పు. సముద్రపు గాలి తగిలే చోట చువ్వ మీద కాంక్రీటు కవరు 45 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, కాంక్రీటు బలం ఎం30 అనే రకానికి తగ్గకూడదు. ఆ కవరు నిలిచేలా చువ్వల కింద పెట్టే సిమెంటు బిళ్లలు ముందే పోయించి ఆరబెట్టుకోండి, వాటి బదులు కంకరముక్క పెట్టే కుర్రాడిని అక్కడికక్కడే పట్టుకోండి. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పు బోరు నీళ్లు వద్దు. వేసవిలో కాలువలు కట్టేశాక తీపి నీళ్లకు తిప్పలు పడతారు. పోత పనీ, ఆ తర్వాత తడపడమూ కాలువలో నీరుండగానే ముగించండి.

ఆ కొబ్బరిచెట్టు గురించి ఒక మాట. ఆకు సన్నంగా రావాలంటే చువ్వ మీద అరంగుళం సిమెంటు కూడా ఉండదు. ఒక గుడి ముందు నేనే కట్టాను. నాలుగు వానాకాలాలకు ఆకుల చివర్లు రాలి చువ్వలు బయటికి వచ్చాయి. పిల్లలు ఆడుకునే చోటు.

నక్షాలమ్మాయి, రాజమహేంద్రవరం

మాస్టారూ, అర్థమవుతుందా అన్న బెంగ పెట్టుకోకండి. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి వచ్చే శివుడి ప్రభను చూసి ఇది దేనికి గుర్తని ఎవరైనా అడుగుతారా? వెదురు కట్టి, గుడ్డలు చుట్టి, భుజాల మీద చేలలోంచి, కౌశిక ఏటిలోంచి దాటిస్తారు. మోసినవాళ్లకు వివరణ అక్కర్లేదు. మీరు కూడా ఏటా ఆ రాత్రి అక్కడ ఏదో ఒకటి చేయండి, దీపమైనా సరే. ఆ అరగంట కథ పిల్లలకు మీరే చెప్పాలి, గోడ చెప్పదు.

నా వృత్తిరీత్యా మాత్రం కొన్ని గట్టిగా చెబుతాను. చుట్టూ ప్రహరీ, స్టీలు గేటు, నేలకు మెరిసే టైల్స్ వద్దు. వాటికే సగం డబ్బు పోతుంది, చివరికి పెట్రోలు బంకులా ఉంటుంది. కాలువ గట్టు మీద నడిచి వచ్చేవాళ్లకు కొబ్బరి మొదళ్ల సందుల్లోంచి ముక్కలుముక్కలుగా కనిపిస్తే చాలు. పేర్ల రాయికి చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు తేకండి. దాని చుక్కల మెరుపులో అక్షరాలు కనిపించవు. మెరుగు పెట్టని నల్లరాయి తీసుకోండి. స్థలం హద్దులు కొలిపించారా? గట్టు నీటిపారుదల శాఖది. రోడ్డు మార్జిన్‌లోకి ఒక్క అడుగు వెళ్లినా చిక్కే, రోడ్ల మీద విగ్రహాలకు, కట్టడాలకు అనుమతి ఇవ్వవద్దని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది.

డబ్బు ఖర్చు పెట్టకముందే వెదురు, కొబ్బరి తడికలతో అసలు కొలతకు ఒకటి కట్టి చూడండి. పలకలతో ఎవరికీ తెలియదు.

ఏటిమొగ ఆడపడుచు

మా నాన్న అదే రాత్రి వేటలో పోయారు. పడవ దొరకలేదు, ఆయనా దొరకలేదు. మాలాంటివాళ్లకు దినం ఉంది గాని చోటు లేదు. అందుకని ఈ కబుర్లన్నీ రెండుసార్లు చదివాను.

మాస్టారు గారూ, మీ గోడల మధ్య నిలబడడానికే చోటు పెట్టారు. కూర్చోవడానికి అరుగు పెట్టండి. మా అమ్మ లాంటివాళ్లు ఎంతసేపని నిలబడతారు? పేర్లు ఎత్తున రాయించకండి, అరుగు మీద కూర్చుంటే చేతికి అందేంతలో లోతుగా చెక్కించండి. మా అమ్మకు చదువు రాదు. రేషను కార్డులో నాన్న పేరు ఎక్కడుందో మమ్మల్ని అడిగి, దాని మీద వేలు పెట్టి కాసేపు అలా ఉండేది. రంగుతో రాసిన అక్షరం వేలికి తెలియదు.

ఇంకొకటి. ఆడవాళ్ల పేర్లు ఫలానావారి భార్య అని రాయకండి. పెద్దవాళ్లను అడిగితే అసలు పేర్లు చెబుతారు.

గట్టుమీది మాస్టారు

అందరికీ నమస్కారం. అమ్మా, మీరు చెప్పాక వెతికితే మా జాబితాలో ముగ్గురు ఆడవాళ్లకు పేర్లే లేవు. ఇద్దరివి దొరికాయి. మూడో ఆవిడ పేరు కోసం ఆమె పుట్టినూరికి మనిషిని పంపాం. కోతలకు వచ్చి ఆ రాత్రి చనిపోయిన కూలీ ఒకతను ఉన్నాడు, అతని ఊరే ఎవరికీ తెలియదు. అతనికి పేరు చెక్కని రాయి ఒకటి వరుసలోనే పెట్టాలని నేను, చివర పెట్టాలని కమిటీ. అది ఇంకా తేలలేదు.

స్థలం కొలిపించాం. రోడ్డువైపు రెండడుగులు వెనక్కి జరగాల్సి వచ్చింది. ఆదివారం తడికలతో అసలు కొలతకు కట్టాం, అరుగుతో సహా. గొడ్లపాక అన్న పెద్దమనిషే ముందు లోపలికి వెళ్లారు. ఆయన తమ్ముడు ఆ 9 మందిలో ఒకడు. చాలాసేపు పైకి చూసి, "చుక్కలు కనబడ్డాయి కదండీ ఆ రోజు" అని బయటికి వచ్చేశారు. కొబ్బరిచెట్టు ఊసు మళ్లీ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి లోపల ఎవరిదో మేక కట్టేసి ఉంది, ఉత్తరపు గోడ తడిక సగం తినేసింది. కమిటీకి ఇంకా చెప్పలేదు.