సమస్యాపూరణం: పరుల సొమ్ముతోడఁ బరువు నిలిపె

సమస్య (ఆటవెలది నాల్గవ పాదం; ముందు మూడు పాదాలు రాసి పద్యం పూర్తిచేయాలి):
పరుల సొమ్ముతోడఁ బరువు నిలిపె

కందుకూరులో మా వీధి చివరి ఇంట్లో ఉండిన విశ్రాంత బ్యాంకు ఉద్యోగి ఒకరు 88వ ఏట కన్నుమూసి నేటికి ఏడాది. ఆయన స్మృతికే ఈ పాదం ఇస్తున్నాను. వినగానే నిందలా తోచే మాటను ఆయన జీవితానికి తగినట్లు స్తుతిగా మలచాలి.

1969 జులై 19న 14 బ్యాంకులు జాతీయమయ్యేనాటికి ఆయన లెడ్జరు ముందు కూర్చుని పదేళ్లయింది. మా ఊరు 1970లో నెల్లూరు జిల్లా నుంచి ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాకు వెళ్లి, 2022లో తిరిగి నెల్లూరు జిల్లాలో చేరినా, ఆయన ఇల్లు మారలేదు, ఆ అరుగూ మారలేదు. 1996లో కొలువు విరమించాక చివరిదాకా ఆ అరుగు మీదనే చదువురాని వారికి విత్‌డ్రాయల్ ఫారాలు నింపి ఇచ్చేవారు. వేలిముద్ర వేసినవారు సిరా అంటిన బొటనవేలిని జుట్టుకు రాసుకోబోతే, పక్కనే మడిచి పెట్టుకున్న పాత పంచె ముక్కను అందించేవారు.

మొదటి పూరణ, ఒంగోలు సభ్యులది:

ధర్మరాజు వోలె ధరణిలో వెలుఁగుచు
సత్య మొకటె తనకు సంపద యని
బ్యాంకు కొలువులోన బాధ్యతఁ దలఁచుచు
పరుల సొమ్ముతోడఁ బరువు నిలిపె

పరిశీలన: గణాలు, యతులు సరిపోయాయి. ‘తలఁచుచు’ ద్రుతాంతం (చివర ‘న్’ చేరే మాట, దాని తరువాతి క, చ, ట, త, పలు గ, జ, డ, ద, బలవుతాయి) కనుక దాని తరువాత ‘పరుల’ అన్నది ‘బరుల’ కావలసి వస్తుంది, అప్పుడు ఇచ్చిన పాదమే మారిపోతుంది. ‘బాధ్యతఁ దలపోసి’ అంటే ఆ చిక్కు ఉండదు. అయితే నా అసలు అసంతృప్తి వ్యాకరణం గురించి కాదు. ‘బ్యాంకు’ అన్న ఒక్క మాట తీసివేస్తే ఈ పద్యం ఏ ఉపాధ్యాయునికైనా, ఏ తహసీల్దారుకైనా సరిపోతుంది. అరవై ఐదేళ్లు మా కళ్ల ముందు మెలగిన మనిషి ఇందులో నాకు కనిపించలేదు.

రెండవ పూరణ, కావలి సభ్యులది. వీరు కూడా బ్యాంకులో పనిచేసినవారే:

రెండు తాళములను రెండు చేతులు పట్టఁ
దెఱచు గదికి నొకటి తెచ్చి యిచ్చి
ముప్పదేండ్ల పైన మూటలఁ గాపాడి
పరుల సొమ్ముతోడఁ బరువు నిలిపె

పరిశీలన: తాళపుచెవులను తాళాలనడం మన వాడుకే కనుక అభ్యంతరం లేదు. ‘మూటల’ అన్న మాటలో నోట్ల కట్టలు కంటికి కనిపించాయి. అయితే ‘తెచ్చి యిచ్చి’ అన్నది పనికి విరుద్ధం. నగదు గదికి రెండు తాళాలు పెట్టి ఇద్దరి దగ్గర ఉంచేది ఏ ఒక్కరూ ఒంటరిగా తెరవకూడదనే కదా. తన తాళాన్ని రెండవ వారి చేతికిస్తే ఆ కట్టుబాటు ఏమవుతుంది? ‘తెచ్చి తిప్పి’ అనండి, గణమూ చెడదు, ఆయన నిష్ఠా నిలుస్తుంది.

కావలి సభ్యులు: నిజమే. ఆ పని చేసినవాడినై ఉండి అలా రాసినందుకు బాధగా ఉంది. సవరించాను.

మూడవ పూరణ, కందుకూరు సభ్యురాలిది:

పదవ నాఁటి లోనఁ బైకము వేయమ్మ
వడ్డి నెలకు నిండు వచ్చు ననుచుఁ
బూల యవ్వతోడఁ బొద్దున్నె తాఁ జెప్పి
పరుల సొమ్ముతోడఁ బరువు నిలిపె

పరిశీలన: చదివి కాసేపు ఆగిపోయాను. ఇప్పటివారికి ఇది బోధపడకపోవచ్చు కనుక చెబుతున్నాను: 2010 మార్చి నెలాఖరు వరకు పొదుపు ఖాతాలో ప్రతి నెలా 10వ తేదీ నుంచి ఆఖరి రోజు దాకా ఉన్న నిల్వలో అతి తక్కువ మొత్తానికే వడ్డీ కట్టేవారు. 11న వేసిన డబ్బుకు ఆ నెల వడ్డీ వచ్చేది కాదు. 2010 ఏప్రిల్ 1 నుంచే రోజువారీ నిల్వపై లెక్క మొదలైంది. ఆయన వీధిలో ఎదురైన ప్రతివారికీ ‘పదో తేదీ దాటనీయొద్దు’ అని చెప్పడం నేనూ విన్నాను. ఒక పూలమ్మే అవ్వకు దక్కవలసిన చిన్న వడ్డీ కోసం అంత పట్టింపు చూపడంలోనే ఆయన పరువు ఉంది, ఆ సంగతిని ఈ పద్యం పట్టుకుంది. లోపం ఒక్కటే, ‘తాఁ’ కేవలం గణం కోసం వచ్చి కూర్చున్నది. ‘బొద్దున వివరించి’ అని చూడండి.

కందుకూరు సభ్యురాలు: ‘వివరించి’ తీసుకుంటాను, ‘పొద్దున్నె’ మాత్రం ఉండనివ్వండి, గణం సరిపోతుంది. ఆ అవ్వ మా అమ్మమ్మే. పూజకు పూలు ఇవ్వడానికి వాళ్ల గడపకు వెళ్లినప్పుడు ఆయన చెప్పిన సంగతిని ‘పొద్దున్నే చెప్పాడు నాయనా’ అంటూ మాకు చెప్పేది. అట్ట ఊడిన ఆమె పాసుపుస్తకం ఇంకా మా బీరువాలో ఉంది. అందులో జమలన్నీ పదో తేదీకి ముందువే.