సమస్యాపూరణం: దొంగ డోలు గొట్టి దొరను గెలిచె

శకటరేఫం (నిర్వాహకుడు): ఈ వారం సమస్య మా అబ్బాయి గదిలోంచి వచ్చింది. మెటల్ గేర్ సాలిడ్ 5 అనే వీడియో గేమ్, అదే 2015 నాటి ఫాంటమ్ పెయిన్, ఆడుతున్నాడు. పాక్కుంటూ వెళ్ళి చడీచప్పుడు లేకుండా పని ముగించుకు రావాల్సిన ఆట. వీడు హెలికాప్టర్‌కి లౌడ్‌స్పీకర్లు తగిలించి, పాట పెట్టుకుని, పట్టపగలు శిబిరం నడిబొడ్డున దిగుతున్నాడు, పైగా గెలుస్తున్నాడు. ఇదిగో ఆటవెలది చివరి పాదం, పై మూడూ మీరు కట్టాలి:

*దొంగ డోలు గొట్టి దొరను గెలిచె*

నక్కి ఆడే ఆటను నక్కకుండా ఆడటం మీదే రాయాలి. లంకాదహనం మీద రాస్తే లెక్కలోకి రాదు, ముందే చెబుతున్నా.

గాలిమాటలు: నేను రాసి పెట్టుకున్నది అదే కదండీ! సరే, మీ అబ్బాయి మీదే ఇంకొకటి:

*నక్కి నక్కి పోక నడిమింట గాలిమో*
*టారుపైన పాట హోరు పెట్టి*
*దిగెను వీరుడొకడు దీపాల నడుమనే*
*దొంగ డోలు గొట్టి దొరను గెలిచె*

తంగేడు: 'గాలిమోటారు' చూసి మా తాతయ్య గుర్తొచ్చాడు, ఆ మాటకే సగం మార్కులు. రెండో పాదంలో ప్రాసయతి ('టారు'కి 'హోరు', రెండో అక్షరాలు కలవటం) హాయిగా కూర్చుంది. కానీ గాలిమాటలు గారూ, మూడు పాదాల్లో నిర్వాహకులు చెప్పిన వచనాన్నే పద్యంగా కట్టి, సమస్యని కింద అతికించారు. దిగాడు, బావుంది, ఎలా గెలిచాడు?

కందగడ్డ: ఆ ఆట తెలిసినవాడికి ఇంకో సందేహం వస్తుంది. తలకే గురిపెట్టి కాలుస్తూ పోతే కొన్నాళ్ళకి కాపలావాళ్ళు ఇనప టోపీలు పెట్టుకుని తయారవుతారు, రాత్రిళ్ళే మీద పడుతుంటే చీకట్లో కనిపించే కళ్ళద్దాలు వస్తాయి వాళ్ళకి. అంటే డోలు ఎప్పుడూ ఒకే తాళంలో కొడితే కుదరదన్నమాట. అది పద్యంలో లేదు. నాది చూడండి:

*కోడి టోపి పెట్టి కోటలోనికి దూరె*
*చూచి నవ్వినారు చుట్టు నిలిచి*
*తుపాకి మోత వినుచు తుర్రుమనిరి వారు*
*దొంగ డోలు గొట్టి దొరను గెలిచె*

ఆడనివాళ్ళ కోసం: మళ్ళీ మళ్ళీ చస్తుంటే ఆటే జాలిపడి కోడి టోపీ ఇస్తుంది, పెట్టుకుంటే కాపలావాడు చూసినా మొదట్లో పట్టించుకోడు.

పిచ్చుకగూడు: కోడి టోపీ అదిరింది బాబాయ్. కానీ మూడో పాదం మొదట్లో జగణం (లఘువు, గురువు, లఘువు)! అక్కడ ఉండాల్సింది సూర్యగణం, అంటే గురువు-లఘువు లేదా మూడు లఘువులు. 'తుపాకి' సూర్యగణం ఎప్పుడైంది?

కందగడ్డ: మా వైపు 'తూపాకి' అని సాగదీసే అంటాం.

పిచ్చుకగూడు: అలా సాగదీసినా కుదరదు కదా, రెండు గురువులైపోయె.

తంగేడు: మీ వైపు ర కి ల కి యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదరటం) కూడా కుదురుతుంది కదా! 'పులిని చూచి మేక పుంజుకొనెను' అన్న సమస్యకి కందగడ్డ గారు 'రాత్రి'కి 'లాంతరు'తో యతి వేసి, అడిగితే అభేదం, రెండక్షరాలూ ఒకటే అని దబాయించింది ఎవరూ మర్చిపోలేదు. 'తూట మోత వినుచు' అంటే సరిపోయేది, యతి కూడా చెడదు.

కందగడ్డ: తూటాని 'తూట' చేస్తే మీకు సమ్మతం, నా తుపాకి మాత్రం నేరం. ఆ మేక పద్యానికి ఇదే గుంపులో పదిమంది వహ్వా అన్నారమ్మా, మీరు మాత్రం లాంతరు పట్టుకుని ఇంకా ఆ రాత్రిలోనే తిరుగుతున్నారు.

శకటరేఫం (నిర్వాహకుడు): ఇద్దరూ కాస్త ఆగండి. మేక గొడవ మేక సమస్య దారం (థ్రెడ్)లో తేల్చుకోండి.

పిచ్చుకగూడు: నా ప్రయత్నం. మొదటి మెటల్ గేర్ సాలిడ్‌లో గోడ మీద తడితే కాపలావాడు ఏమిటా చప్పుడని చూడటానికి వస్తాడు కదా, అది పట్టుకున్నా:

*గోడ తట్టగానె గోలతో కావలి*
*వాడు పరుగు తీసె వైపు మార్చి*
*వెనుక తలుపు తీసి వీరుడు లోదూరె*
*దొంగ డోలు గొట్టి దొరను గెలిచె*

తంగేడు: అబ్బో! ఇక్కడ దొంగే లేడు. 'దొంగ డోలు', అంటే ఉత్తుత్తి డోలు, ఏమార్చే చప్పుడు. సమస్యలో మాట కదపకుండా అర్థం తిరగేశావు తమ్ముడూ. వా-వై యతి కూడా శుభ్రంగా ఉంది. నాకు ఇప్పటిదాకా వచ్చిన వాటిలో ఇదే పైన.

కందగడ్డ: పద్యం బావుంది, కాదనను. కానీ అడిగింది నక్కకుండా ఆడటం గురించి. ఈ అబ్బాయి గోడ తట్టి వెనక తలుపున దూరాడు, అంతకంటే నక్కటం ఇంకేముంటుంది? తంగేడు గారికి నచ్చింది కాబట్టి నిబంధన అటకెక్కిందా?

శకటరేఫం (నిర్వాహకుడు): కందగడ్డ గారి మాటలో న్యాయం ఉంది. విరుపుకి మెచ్చుకోలు, విషయానికి కోత.

గాలిమాటలు: నక్కటాన్ని అంత గొప్ప చేయకండి. 1987లో ఈ ఆటల రూపకర్త కోజిమా మొదటి మెటల్ గేర్ తీసినప్పుడు ఎమ్మెస్సెక్స్2 అనే అప్పటి ఇంటి కంప్యూటరు యంత్రానికి ఒకేసారి ఎక్కువమంది శత్రువుల్ని, తూటాల్ని తెర మీద చూపే శక్తి లేదు. యుద్ధం ఆట చేయమంటే చేయలేక తప్పించుకుపోయే ఆట చేశాడు. గతిలేక పుట్టిన గుణం అది. ఇప్పుడు యంత్రానికి శక్తి ఉంది, మావాడు డోలు కొడతాడు, తప్పేంటి?

తంగేడు: తప్పని ఆటే చెబుతుంది, అందులోనే ఉంది అసలు రుచి. 2004 నాటి మెటల్ గేర్ సాలిడ్ మూడో భాగంలో ఒక ఏరు ఉంది. అందులో నడుస్తుంటే అప్పటిదాకా మనం చంపినవాళ్ళంతా ఒక్కొక్కరే ఎదురు వస్తారు. చప్పుడు లేకుండా, ఎవరినీ చంపకుండా వచ్చినవాడికి ఏరు దాదాపు ఖాళీ. కాల్చుకుంటూ వచ్చినవాడికి మాత్రం వైతరణే, ఎంత నడిచినా తెగదు. గెలిచాడు నిజమే, కానీ:

*చంపి చంపి పోయె చప్పుడు చేయుచు*
*నేటిలోన శవములెదురు వచ్చె*
*నోడె మనసులోన నూరెల్ల మెచ్చగా*
*దొంగ డోలు గొట్టి దొరను గెలిచె*

పిచ్చుకగూడు: అక్కా, ఒళ్ళు జలదరించింది. ఓడాడు అని చెప్పి గెలిచాడు అనిపించావు.

కందగడ్డ: భావం బలంగా ఉంది, ఒప్పుకుంటున్నా (తేదీ రాసి పెట్టుకోండి). కానీ 'నేటిలోన' అంటే చదివేవాడు 'ఇవాళ' అనుకుంటాడు. సంధి కోసం ఏటిని ముంచేశారు.

తంగేడు: 'చేయుచు' తర్వాత 'ఏటిలోన' అని వదిలేస్తే విసంధి, సంధి చేయని తప్పు అని మీరే మొదట అరిచేవారు.

కందగడ్డ: అరిచేవాణ్ణే, నిజం. 'చేయుచు' తీసేసి ఇంకో మాట వేసి ఉంటే రెండూ తప్పేవి.

గాలిమాటలు: చనిపోయినవాళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇంకో నక్కి ఆడే ఆట, 2012 నాటి డిజానర్డ్. అందులో మరీ అడ్డగోలుగా చంపుతూ పోతే చివర్లో మనల్ని దీవికి చేర్చే పడవవాడు అసహ్యించుకుని, తుపాకి గాల్లోకి పేల్చి కాపలావాళ్ళకి మన రాక చెప్పేస్తాడు. డోలు కొట్టింది వాడు, పేరు మాత్రం మనకు:

*పడవవాడె కాల్చి పగవారి లేపెరా*
*నిందె మనకు మిగిలె నెత్తిమీద*
*నోరు మూసుకున్న నూరంత చాటెరా*
*దొంగ డోలు గొట్టి దొరను గెలిచె*

తంగేడు: ఇప్పుడు అతికింది! సమస్యని ఊరి పుకారు చేసేశారు. మొదటి పద్యం రాసింది మీరేనా?

కందగడ్డ: రెండు 'రా'లు ఎందుకండీ? ఒకటి పాదం నింపడానికి, రెండోది మొదటిదానికి తోడుకా? 'లేపగా' అంటే ఒకటి తగ్గేది.

గాలిమాటలు: 'లేపగా' పెట్టేస్తా. మీరు కూడా మీ తుపాకి దింపండి మరి.

కందగడ్డ: దింపను. తెల్లారేలోపు 'తుపాకి' సరిగ్గా పట్టే కందం రాసి తెస్తా, తంగేడు గారు లాంతరు ఆర్పకుండా ఉంచాలి.

శకటరేఫం (నిర్వాహకుడు): సమస్య ఆటవెలదిలో ఇస్తే కందం తెస్తారట. రాత్రి పదకొండుకి దారం మూసేస్తున్నా, ఓట్లు గాలిమాటలు గారి రెండో పద్యానికా, తంగేడు గారి ఏటికా, ఈలోపు వేసెయ్యండి.