రేటింగ్ 3.6 ఉన్న మెస్‌కి చుట్టాల్ని ఎలా తీసుకెళ్ళాలి?

కొర్లగుంట వాసి:
పోయిన వారం మా పెద్దమ్మ వాళ్ళు ఆరుగురు విజయవాడ నుంచి మా తిరుపతికి దర్శనానికి వచ్చారు. కొండ దిగేసరికి మధ్యాహ్నం ఒంటిగంట, అందరూ ఆకలి మీదున్నారు. మా వీధి చివర ఒక అక్క ఇంటి ముందు గదిలోనే మెస్ నడుపుతుంది. పదకొండేళ్ళుగా అక్కడ తింటున్నాను. అక్కడికే పోదామన్నాను. మా బావ ఫోన్ తీసి, "3.6 ఉంది, వద్దులే" అన్నాడు. చివరికి 4.7 ఉన్న ఒక పెద్ద హోటల్‌కి వెళ్ళాం. సాంబార్ చల్లారిపోయింది, కూరల్లో ఉప్పు లేదు. పెద్దమ్మ రెండు ముద్దలు పెరుగన్నం తిని లేచేసింది.

అక్క మెస్‌లో ఆ రోజు రాగి సంగటి, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి. సంగటి ముద్ద పొగలు కక్కుతూ వస్తుంది, మధ్యలో వేలితో గుంట చేసి నెయ్యి పోస్తుంది. అది పెద్దమ్మకు తినిపించలేకపోయానని ఇప్పటికీ బాధగా ఉంది. పక్కనున్న మనిషి మాట కంటే ముక్కూ మొహం తెలియని వాళ్ళ స్టార్లు ఎందుకు ఎక్కువయ్యాయి? మీరైతే ఏం చూసి వెళ్తారు?

విశాఖ నుంచి:
మీ బావగారిని తప్పు పట్టకండి. మేం ఏడాదికోసారి వస్తాం. తెల్లారి నాలుగింటికి రైలు దిగి, చంటిపిల్లతో ఎవర్ని అడగాలి? నాలుగు పైన ఉంటే వెళ్తాం, లోపల ఏం రాశారో చదివే ఓపిక ఉండదు. మీలాంటి చుట్టం అందరికీ ఉండరు కదా.

పాత క్యాషియర్:
నేను ఇదే ఊళ్ళో ఒక హోటల్ గల్లాపెట్టె దగ్గర నాలుగేళ్ళు కూర్చున్నాను. టేబుల్ మీద క్యూఆర్ కార్డు ఉండేది. ఐదు స్టార్లు ఇచ్చి ఫోన్ చూపిస్తే చిన్న కప్పులో రెండు గులాబ్ జామ్‌లు ఫ్రీ. చాలామంది అన్నం రాకముందే ఇచ్చేసేవాళ్ళు, పిల్లలు అడుగుతారు కదా. గూగుల్ రూల్స్ ఇందుకు ఒప్పుకోవు. 2022లో నాణ్యతా ప్రమాణాలు పెట్టే కేంద్ర సంస్థ బీఐఎస్ కూడా ఐఎస్ 19000 పేరుతో ఆన్‌లైన్ రివ్యూలకు ప్రమాణాలు పెట్టింది, కానీ పాటించడం ఎవరిష్టానికి వాళ్ళకే వదిలేసింది.

తిరుపతిలో ఇంకో సంగతి ఉంది. మా టేబుళ్ళ దగ్గర కూర్చునే వాళ్ళలో ఎక్కువమంది మళ్ళీ ఏడాది దాకా కనపడరు. రుచి బాగాలేదని రేపు రావడం మానేసే గిరాకీ కాదు, అందుకే వంటింటికి భయం ఉండదు. రోజూ తినే ఊరివాళ్ళేమో ఒక్క ముక్క రాయరు. నేను వెళ్ళేముందు 'కొత్తవి' నొక్కి, మూడు స్టార్ల రివ్యూలు చదువుతాను. ఏం బాగుందో, ఏం బాగాలేదో వాళ్ళే విడమరిచి చెప్తారు.

ఎస్వీయూ ఎంబీఏ:
అప్పట్లో హార్వర్డ్‌లో ప్రొఫెసర్‌గా ఉన్న మైఖేల్ లూకా అమెరికాలోని సియాటిల్ హోటళ్ళ లెక్కలు తీసి, 2011లో ఒక పరిశోధన పత్రం రాశారు. యెల్ప్ అనే రివ్యూల సైట్‌లో ఒక స్టార్ పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరిగిందట. అదీ సొంతంగా నడిపే హోటళ్ళకే, పేరున్న చైన్ హోటళ్ళకు ఆ తేడా కనపడలేదు. అంటే స్టార్ల దెబ్బ గట్టిగా తగిలేది మీ అక్క మెస్ లాంటి వాటికే.

కొర్లగుంట వాసి:
క్యాషియర్ అన్నా, మీరు చెప్పాక కూర్చుని అక్క మెస్‌కి ఉన్న 41 రివ్యూలూ చదివాను. ఒక్క స్టార్ ఇచ్చినవి తొమ్మిది. ఏసీ లేదని నాలుగు, కారు పెట్టుకోను చోటు లేదని మూడు, మూడింటికి వెళ్తే అన్నం అయిపోయిందన్నారని రెండు. వంట గురించి ఒక్కటీ లేదు. పదకొండేళ్ళు తిని నేను ఒక్కటి కూడా రాయలేదు, మా వీధిలో ఎవరూ రాయలేదు.

రాత్రే రాశాను: "ఏసీ లేదు, ఫ్యాన్ కింద కూర్చోండి. కారు మెయిన్ రోడ్డు మీదే ఆపి నడిచి రండి. రెండున్నర దాటితే అన్నం ఉండదు. బుధవారం సంగటి, ఊరిబిండి. నెయ్యి ఇంకొంచెం కావాలంటే అడగండి, పోస్తుంది."