ఫ్లాట్లో మృదంగం సాధన: అసోసియేషన్ పూర్తిగా వద్దనొచ్చా?

పటమట నాన్న:
విజయవాడ పటమటలో మాది ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, మూడో ఫ్లోర్. మా అబ్బాయి తొమ్మిదో తరగతి, మృదంగం నేర్చుకుంటున్నాడు. తెల్లవారుజామున సాధన చేస్తేనే చేయి కుదురుతుందని గురువుగారు చెప్పడంతో ఐదున్నరకే కూర్చుంటాడు, వెనక బెడ్‌రూమ్‌లో తలుపేసుకుని. ఈ ఆదివారం మీటింగ్‌లో ‘ఫ్లాట్లలో ఏ వాద్యమూ వాయించరాదు’ అని తీర్మానం పెడుతున్నారు. వినాయక చవితికి సెల్లార్లో డీజే పెడితే ఎవరూ నోరు మెదపలేదు. పిల్లాడి చదువులాంటి సాధనకి ఈ నిషేధం న్యాయమేనా?

నైట్ డ్యూటీ నర్సు:
నేనూ అలాంటి వాద్యం కింద ఫ్లాట్లోనే ఉంటానండీ. డ్యూటీ దిగి ఇంటికొచ్చి పడుకునే వేళకి పైన తబలా మొదలవుతుంది. కిందికి తాళం అందదు, సంగీతం అందదు. ఎడమ చేతి ధుం ధుం ఒక్కటే దిండులోంచి వస్తున్నట్టు ఉంటుంది. చెవుల్లో దూది పెట్టుకున్నా ఆగదు. సంగీతం మీద నాకు కోపం లేదు. ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ఆగుతుందో తెలియకపోవడమే అసలు టెన్షన్. టైమ్ ముందే తెలిస్తే నా నిద్ర అటో ఇటో జరుపుకుంటాను.

బ్రాడీపేట సెక్రటరీ:
గుంటూరులో మా అపార్ట్‌మెంట్లో పూర్తిగా ఆపేశాం. ఒకరి వయొలిన్‌కి సరే అంటే రేపు ఇంకొకరు డ్రమ్స్ కొంటారు. అప్పుడు వాళ్లకి వద్దని ఏ మొహంతో చెప్పాలి? ఏది ఎంత మోతో కొలుస్తూ కూర్చోవడం కమిటీ వల్ల కాదు. గొడవలు పడి మాటలు మానేసిన ఇళ్లని చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

లా చదివినవాడిని:
2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు ఒకసారి చూడండి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. ఆ వేళలో ఆడిటోరియంలాంటి మూసిన హాళ్లలో తప్ప లౌడ్‌స్పీకర్లతో పాటు వాద్యాలు కూడా వద్దని 2010 సవరణలో చేర్చారు. కాబట్టి ఐదున్నర సాధన నిలవదు, అది మార్చుకోవాల్సిందే. డీజేకీ ఇదే చట్టం. పండగలకి రాత్రి 12 దాకా ప్రభుత్వం అనుమతివ్వొచ్చు గానీ ఏడాది మొత్తమ్మీద 15 రోజులు దాటకూడదు. పగటిపూట మాత్రం ఆ నిబంధనలు వాద్యాన్ని నిషేధించలేదు. మీ హద్దు దగ్గర శబ్దం ఆ పరిమితిని 5 డెసిబెల్స్ కంటే ఎక్కువ దాటకుండా చూసుకోమన్నాయి.

సైట్ ఇంజినీర్:
పటమట నాన్నగారూ, వెనక బెడ్‌రూమ్‌లో తలుపేసుకుని అన్నారు చూడండి, చిక్కు అక్కడే ఉంది. మన అపార్ట్‌మెంట్లలో అన్ని ఫ్లోర్లకీ ఒకే ప్లాన్. మీ బెడ్‌రూమ్ కింద వాళ్ల బెడ్‌రూమే ఉంటుంది. పక్క ఫ్లాట్‌కి వినపడకూడదని మీరు తలుపేస్తున్నారు, మోత మాత్రం నిద్రపోతున్న మనిషి నెత్తి మీద దిగుతోంది. హాల్లోకి మార్చండి.

శబ్దం గాలిలోంచీ పోతుంది, శ్లాబులోంచీ పోతుంది. గాలిలోంచి పోయేదానికి పెద్ద కంతలు తలుపు కింద సందు, స్లైడింగ్ కిటికీ పట్టాలు. రబ్బరు పట్టీలు వేస్తే తేడా తెలుస్తుంది. కోడిగుడ్ల అట్టలు, కర్టెన్లు గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తాయి గానీ బయటికి పోయేదాన్ని ఆపవు. ఆపాలంటే బరువు కావాలి. పైగా మృదంగానికి ఎడమ చేతి వైపు, అంటే తొప్పి వైపు, రవ్వముద్ద పెట్టగానే వచ్చే ఆ లోతైన నాదం నాలుగున్నర అంగుళాల గోడకి లొంగదు. కింద మందపాటి రబ్బరు మ్యాట్, దాని మీద ప్లైవుడ్ ముక్క, ఆపైన దుప్పటి వేసి కూర్చోబెట్టండి. శ్లాబులోకి దిగేది కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

ఎలక్ట్రానిక్ డ్రమ్స్ కొని హెడ్‌ఫోన్ పెట్టుకుంటే చాలనుకునేవాళ్లకీ ఒక మాట. కాలితో తొక్కే పెడల్ దెబ్బ నేరుగా శ్లాబులోకే దిగుతుంది. వాయించేవాళ్లకి అది తెలియదు, కిందివాళ్లకే తెలుస్తుంది. ఏం చేసినా సరే, అబ్బాయి వాయిస్తుంటే మీరు కిందికెళ్లి, వాళ్లనడిగి, వాళ్ల మంచం పక్కన ఐదు నిమిషాలు నిలబడి వినండి. ఫోన్లో యాప్ పెట్టి కొలవడం కన్నా ఇది నయం.

సత్యనారాయణపురం వీణ టీచర్:
బాలమురళీకృష్ణగారు ప్రిన్సిపాల్‌గా చేసిన సంగీత కళాశాల ఈ ఊళ్లోనే ఉంది, ఘంటసాలగారి పేరుతో నడుస్తోంది. అలాంటి ఊళ్లో పిల్లలు ఇంట్లో వాద్యం ముట్టకూడదంటే నాకు మనసు ఒప్పడం లేదు. క్లాసులో గంట నేర్చుకున్నది ఇంట్లో సాధన లేకపోతే నిలవదు. సెక్రటరీగారూ, వీణనీ డ్రమ్స్‌నీ ఒకే గాటన కట్టేయకండి. వయొలిన్‌కి రబ్బరు మ్యూట్ పెడితే నాదం బాగా తగ్గుతుంది, కీబోర్డుకి హెడ్‌ఫోన్ ఉంది. మృదంగానికే అలాంటి సదుపాయం లేదు. అందుకని దానికి టైమ్ విడిగా మాట్లాడుకోవాలి.

బాబుకి తెల్లవారుజామున నోటితో చెప్పించండి. తాళం వేస్తూ త ధి తొం నం మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో చెప్పడం తక్కువ సాధనేం కాదు, లయ అక్కడే స్థిరపడుతుంది. వేళ్లు దిండు మీద ఆడించొచ్చు. అయితే నాదం మాత్రం చర్మం మీదే రావాలి, ఆ భాగం సాయంత్రానికి ఉంచండి.

బ్రాడీపేట సెక్రటరీ:
టైమ్ రాసి పెడితే పాటించేదెవరు? పరీక్షల టైమ్‌లో పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు వచ్చి నన్నే అడుగుతారు.

నైట్ డ్యూటీ నర్సు:
లిఫ్ట్ దగ్గర కాగితం అంటించమనండి, ఫ్లాట్ నంబరు, టైమ్ వేసి. దాటితే నేనే వెళ్లి తలుపు తడతాను, మీ దాకా రాను. ఇప్పుడు తట్టలేకపోతున్నది ఏ టైమ్ అని అడగాలో తెలియకే.

పటమట నాన్న:
కింది ఫ్లాట్ ఆంటీగారిని ఈ సాయంత్రమే అడుగుతాను, వాళ్లమ్మగారు మధ్యాహ్నం పడుకునే వేళ కూడా కనుక్కుంటాను. తీర్మానానికి సవరణ ఇలా రాశాను: చప్పుడయ్యే సాధన సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా, హాల్లోనే, మ్యాట్ మీద. పబ్లిక్ పరీక్షలప్పుడు కమిటీ చెప్పిన టైమ్‌కి. మైకు, స్పీకరు పెట్టకూడదు. సెల్లార్ డీజేకీ రాత్రి పది దాటకూడదనే నిబంధన ఇదే కాగితంలో. ఆదివారం అందరి ముందూ చదువుతాను.