రిపరేషన్స్‌కి తెలుగు: నష్టపరిహారమా, ఎక్స్‌గ్రేషియానా?

ప్రశ్న: ఆఫ్రికా దేశాలు పాత వలస పాలకులను అడుగుతున్న ‘రిపరేషన్స్’ మీద వ్యాసం తెలుగు చేస్తున్నాను. ఆఫ్రికన్ యూనియన్ 2025ని ఈ అంశానికే కేటాయించింది కూడా. ‘నష్టపరిహారం’ అంటే పంట నష్టం గుర్తొస్తోంది. ‘ప్రాయశ్చిత్తం’ అనొచ్చా?

జవాబు: ప్రాయశ్చిత్తం వద్దండీ. అది చేసినవాడి పాపం సంగతి; పోగొట్టుకున్నవాడి చేతికి ఏమొచ్చిందో అందులో ఉండదు. వట్టి ‘పరిహారం’ అంటే నవగ్రహాల దాకా పోతుంది. ‘నష్టపరిహారం’ శుభ్రంగా సరిపోతుంది, పంట గుర్తొస్తే రానివ్వండి.

చిక్కల్లా ఇచ్చేవాళ్ల మాట దగ్గరే. ఒకప్పటి జర్మన్ వలస నమీబియా చూడండి. 1904 అక్టోబరులో జర్మన్ జనరల్ ఫాన్ ట్రోథా, తమ హద్దుల్లో కనబడిన, అక్కడి హెరెరో తెగకు చెందిన ప్రతి ఒక్కరినీ తుపాకీ ఉన్నా లేకున్నా, పశువులున్నా లేకున్నా కాల్చేస్తామని ప్రకటించాడు. జనాన్ని ఒమాహెకె ఎడారిలోకి తరిమి, నీళ్లున్న చోట్లకు రానివ్వలేదు. తర్వాత అక్కడి మరో తెగ, నామా ప్రజలకూ అదే గతి. 2021 మేలో జర్మనీ అది జాతిహననమేనని ఒప్పుకుంది, ‘నేటి దృష్టితో చూస్తే’ అని ఓ తోక తగిలించి. 30 ఏళ్లలో 110 కోట్ల యూరోలు ఇస్తామంది. కానీ ఒప్పంద పత్రంలో ‘రిపరేషన్స్’ మాట పడనివ్వలేదు. డబ్బు అభివృద్ధి పనులకట! మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడకుండా ఈ ఒప్పందమేంటని హెరెరో, నామా పెద్దలు చాలామంది మండిపడ్డారు.

దీనికి మన పేపర్లలో రోజూ కనబడే మాటే ఉంది: ఎక్స్‌గ్రేషియా. బాణసంచా కేంద్రంలో పేలుడు జరిగితే సర్కారు ప్రకటించేది. చట్టప్రకారం బాకీ పడి కాదు, దయతలచి ఇస్తున్నామని.

మరొకరు: కెన్యాలో బ్రిటిష్ పాలనపై జరిగిన మౌ మౌ తిరుగుబాటును అణచేటప్పుడు చిత్రహింసలు పడ్డవాళ్లకు బ్రిటన్ 2013లో ఇచ్చిందాన్ని ఏమనాలి మరి?

జవాబు: 5,228 మందికి, కోర్టు ఖర్చులతో కలిపి దాదాపు 2 కోట్ల పౌండ్లు. చిత్రహింసలు జరిగాయని ఒప్పుకుని విచారం తెలిపారు, చట్టపరమైన బాధ్యత మాత్రం మాది కాదన్నారు. నేనైతే ‘సెటిల్‌మెంట్ సొమ్ము’ అని రాస్తా.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. వ్యాసంలో బ్రిటన్ 1833 బానిసత్వ రద్దు చట్టం కూడా ఉంది. అప్పుడిచ్చిన 2 కోట్ల పౌండ్లను ఏమనాలి?

జవాబు: అది అచ్చంగా నష్టపరిహారమే. చట్టం పూర్తి పేరులోనే ఆ మాట ఉంది. ముట్టింది బానిసల యజమానులకని అదే వాక్యంలో రాసేయండి, లేకపోతే చదివేవాళ్లు బానిసలకిచ్చారనుకుంటారు.