మతిగారి: తినగా మిగిలింది, చావగా మిగిలినవాడు

కెన్యా రచయిత గూగీ వా థియాంగో నవల ‘మతిగారి’ పేరుని తెలుగులో ఏమనాలో అడగాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. రాస్తే ‘మతి గారి’ లాగా కనిపిస్తుంది కానీ, ఇది కెన్యాలోని గికుయు భాషలో ఒకే మాట. ఇంగ్లిషులోకి తెచ్చిన వాంగుయి వా గోరో కూడా ఆ మాటను మార్చకుండా ఉంచేశారు. 1986లో గికుయులో వచ్చినప్పటి పూర్తి పేరు ‘మతిగారి మా న్జిరూంగి’. న్జిరూంగి అంటే తూటాలు. ‘తూటాల నుంచి బతికి బయటపడ్డ దేశభక్తులు’ అని వివరిస్తుంటారు. అందులో దేశభక్తులు అన్నది వివరించేవాళ్లు చేర్చింది. మతిగారి అంటే అసలు అర్థం తినగా మిగిలిన తిండి, తాగగా అడుగున మిగిలిన మడ్డి.

మన ‘మిగులు’ దీనికి ఎంత దగ్గరగా ఉందో చూడండి. అన్నం తినగా మిగిలింది అంటాం. కలరాకి ఊరంతా చావగా మిగిలినవాళ్లు అనీ అంటాం. గిన్నెకీ మనిషికీ ఒకటే క్రియ. అందుకే నాకు ‘తూటాలకు మిగిలినవాళ్లు’ బాగుందనిపిస్తోంది. ‘దేశభక్తులు’ అంటే ఆగస్టు పదిహేను ఉపన్యాసంలా ఉంటుంది, ఆ మడ్డి వాసన పోతుంది.

ఆ వాసన కథకి చాలా అవసరం. స్వాతంత్ర్య పోరాటంలో తెల్ల దొర విలియమ్స్‌నీ, అతని నౌకరు జాన్ బాయ్‌నీ చంపి, అడవిలోంచి బయటికొచ్చిన కథానాయకుడు మతిగారి తుపాకీని ముగుమో అనే అత్తిజాతి చెట్టు కింద పాతిపెడతాడు. ఇక యుద్ధం అయిపోయింది, ఇల్లు చేరాలి, పిల్లల్ని కలుసుకోవాలి అన్నది అతని ఆశ. తీరా చూస్తే పిల్లలు చెత్తకుప్ప మీద కనిపిస్తారు. కుక్కలతో పోటీపడి మిగులూ తగులూ ఏరుకుంటూ, పాడైపోయిన కార్లలో కాపురం ఉంటుంటారు. అతను కట్టిన ఇంట్లో మాత్రం ఆ నౌకరు కొడుకు హాయిగా ఉంటాడు. యుద్ధం చేసినవాడు మిగులు, అతని పిల్లలకి దక్కిందీ మిగులే. ఈ రెండూ ఒక్క మాటలో పట్టకపోతే పేరు అనువదించి ప్రయోజనం లేదు.

వ్యాఖ్య: ‘శేషం’ అనొచ్చు కదండీ? ఆదిశేషుడి పేరులో ఉన్నదీ అదే. ప్రళయంలో అన్నీ పోగా మిగిలినవాడు. శేషయ్య అని మనుషులకీ పెట్టుకుంటాం.

జవాబు: శేషుడి సంగతి భలే గుర్తుచేశారండీ. అయితే ‘శేషం’ పంతులుగారి నోట్లో మాట, ‘మిగులు’ వంటింట్లో మాట. గూగీకి ఈ తేడా ప్రాణం. 1964లో ‘వీప్ నాట్, చైల్డ్’తో తూర్పు ఆఫ్రికా నుంచి ఇంగ్లిషులో వచ్చిన మొదటి నవల ఆయనదే. జేమ్స్ గూగీ పేరుతో అంత ఖ్యాతి వచ్చాక ఆ పేరూ వదిలారు, నవలలకి ఇంగ్లిషూ వదిలారు. 1977లో కామిరీథు ఊళ్లో రైతులూ కూలీలూ కలిసి ఆడిన ఆయన గికుయు నాటకాన్ని ప్రభుత్వం నిషేధించింది. ఆ డిసెంబరు ఆఖర్న ఆయన్ని పట్టుకెళ్లి, విచారణ లేకుండా దాదాపు ఏడాది కామిటి జైల్లో పెట్టింది. అక్కడ టాయిలెట్ కాగితాల మీద గికుయులో నవల రాశారు. అది అచ్చయ్యాక ఇళ్లలో చదువొచ్చినవాళ్లు పైకి చదువుతుంటే మిగతావాళ్లు విన్నారట. బార్లలో చదివేవాళ్లయితే మంచి పట్టు మీద ఆపి, గ్లాసు నింపితేనే మళ్లీ మొదలుపెట్టేవారట! అలా చెవులతో వినే నవలకి వినగానే తెలిసే మాట కావాలి.

వ్యాఖ్య: మతిగారి పాత్రని ప్రభుత్వం అరెస్టు చేయమందని విన్నాను. నిజమేనా?

జవాబు: గూగీ స్వయంగా రాశారండీ. 1987 మొదట్లో, మతిగారి అనే ఒకాయన ఊరూరా తిరుగుతూ సత్యం, న్యాయం ఎక్కడున్నాయని అడుగుతున్నాడని రైతులు చెప్పుకుంటున్నట్టు నిఘావాళ్లు కబురు తెచ్చారు. అప్పటి కెన్యా అధ్యక్షుడు మోయ్ ప్రభుత్వం పట్టుకోమంది. వాడు పుస్తకంలో మనిషని పోలీసులకి తర్వాత తెలిసింది. ఫిబ్రవరిలో ఆ పుస్తకాన్నే దుకాణాల నుంచి ఎత్తుకుపోయారు. మీరన్న ‘శేషం’ ఇక్కడ మాత్రం గొప్పగా నప్పుతుంది. ఋణశేషం, అగ్నిశేషం, శత్రుశేషం ఉంచకూడదంటారు, మళ్లీ పెరుగుతాయని. ఆ దొరతనం మతిగారిలో చూసింది శత్రుశేషాన్ని.

ఇంకొకటి చెప్పాలి. మిగలడమంటే ఏమిటో గూగీకి ఇంట్లోనే అనుభవం. బ్రిటిష్ పాలన మీద సాగిన మౌ మౌ పోరాటం రోజుల్లో చెవుడున్న ఆయన సవతి సోదరుడు గిటోగో, సైనికులు ఆగమన్నది వినపడక తూటాకి పోయాడు. గూగీ అలయన్స్ హైస్కూలు నుంచి సెలవులకి వచ్చేసరికి ఊరే లేదు, నేలమట్టం చేసేశారు. ఆ పిల్లవాడు పెద్దయ్యాక పెట్టిన పేరు ఇది. ఇది చదివాక ఇక ‘దేశభక్తులు’ అనే మాట నాకు నోట రాదు.

వ్యాఖ్య: మరి తెలుగులో చేస్తే అట్ట మీద ఏం పెడతారు?

జవాబు: గూగీ జైలు నవలని వరవరరావు జైల్లో ఉండగానే తెలుగు చేశారు. ‘మట్టికాళ్ల మహారాక్షసి’ అని పేరు పెట్టారు. గికుయు పేరులో ఉన్నవి శిలువా, సైతానూ. ఆ స్వేచ్ఛ తీసుకున్నందుకే పేరు మన నోట నిలిచింది. ‘మతిగారి’ విషయంలో అంత దూరం వెళ్లక్కర్లేదని నా ఉద్దేశం. జనం నోళ్లలో పుకారై తిరిగిన పేరు కాబట్టి కథలో దాన్ని అలాగే ఉంచాలి. ఎవరు నువ్వు అని అడిగినచోట మొదటిసారి ‘తూటాలకు మిగిలినవాణ్ణి’ అనిపించాలి. అట్ట మీద పెద్ద అక్షరాల్లో ‘మతిగారి’, దాని కింద ‘తూటాలకు మిగిలినవాడు’. ‘మిగిలినవాడు’ కంటే బలమైన మాట మీ జిల్లాలో ఏదైనా ఉంటే తప్పకుండా రాయండి, తిండికీ మనిషికీ రెండింటికీ వాడేదై ఉండాలి.